అయిదు రోజుల జిమ్, మూడు రోజుల బరువు

2011 జనవరిలో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టు సెలవులు ముగించుకుని మళ్ళీ సాధనకు దిగింది. ఒక రోజు కోచ్‌లు వాళ్ళకో పరీక్ష పెట్టారు. ఎవరికి వారు ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో సగం భుజాల మీద పెట్టుకుని 100 స్క్వాట్లు తియ్యాలి. పైగా గడియారం చూసుకుంటూ తియ్యాలి. తర్వాతి కొద్ది రోజుల్లో ఆ జట్టులో 13 మంది ఆసుపత్రిలో చేరారు. తొడలు వాచాయి, మూత్రం నల్లటి టీ డికాషన్ రంగుకి తిరిగింది. కండరాల కణాలు ఒక్కసారిగా విచ్ఛిన్నమై, వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలో కలిసి మూత్రపిండాల మీద పడే ఈ స్థితిని వైద్యులు రాబ్డోమయోలిసిస్ అంటారు.

వాళ్ళు ఏడాది పొడవునా సాధన చేసే ఆటగాళ్ళు. విరామం లేకుండా వారాల తరబడి ఒళ్ళు హూనం చేసుకుని పడిపోయారా అంటే అదీ లేదు. విశ్రాంతి తీసుకుని వచ్చి, ఒక్క పూటలో అలవాటు లేనంత పని మీద వేసుకున్నారు. కొత్తగా జిమ్‌లో చేరేవాళ్ళు ఈ సంగతిని బాగా గుర్తుపెట్టుకోవాలి. వారానికి అయిదు రోజులు వెళ్ళాలా, మూడు రోజులు వెళ్ళాలా అని తల బద్దలు కొట్టుకునేవాళ్ళు, ఆ మొదటి పూట ఎంత చేస్తున్నామో మాత్రం లెక్క చూసుకోరు.

హైదరాబాద్‌లోనైనా, విజయవాడలోనైనా జనవరి మొదటి వారం జిమ్‌లు కిటకిటలాడతాయి. ఏడాది ప్యాకేజీ కడితే తగ్గింపు అంటారు. డబ్బు కట్టాం కదా, రోజూ వెళ్ళి తీరాలని కొత్తవాళ్ళు పట్టుబడతారు. మొదటి రోజు ట్రైనర్ కూడా ఉత్సాహంగా ఉంటాడు. ‘ఇంకో రెండు అన్నా, అయిపోయింది’ అంటూ నాలుగు సెట్లు, అయిదు సెట్లు లాగించేస్తాడు. మర్నాడు పొద్దున మంచం దిగాలంటే గోడ పట్టుకోవాలి, మెట్లు దిగాలంటే పక్కకి తిరిగి దిగాలి. స్కూల్లో హోంవర్క్ చెయ్యనందుకు వంద గుంజీలు తీసినవాళ్ళకి ఈ నొప్పి కొత్తేమీ కాదు. దాన్ని కూడా చాలామంది ఘనకార్యంగా చెప్పుకుంటారు. ‘కాళ్ళు పట్టేశాయి, అంటే గట్టిగా చేశామన్నమాట’ అని.

ఈ నొప్పి లాక్టిక్ ఆమ్లం పేరుకోవడం వల్ల వస్తుందని జిమ్‌లలో ఇప్పటికీ చెబుతుంటారు. వ్యాయామంలో తయారయ్యే లాక్టేట్ గంటా రెండు గంటల్లోనే రక్తం నుంచి వెళ్ళిపోతుంది. నొప్పి ముదిరేది ఒకటి నుంచి మూడు రోజుల మధ్య. థియోడర్ హఫ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1902లోనే ఇది కండరం లోపల చిన్నచిన్న చిరుగుల వల్ల కావచ్చని రాశాడు. బరువుని కిందికి దించేటప్పుడు, అంటే కండరం సాగుతూ బరువు మోసేటప్పుడు, ఈ దెబ్బ ఎక్కువగా తగులుతుంది.

మరి ఆ నొప్పి పడ్డంత మేర కండ పెరుగుతుందా? బ్రెజిల్ పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక అధ్యయనం దీనికి మంచి జవాబే ఇచ్చింది. ఎప్పుడూ బరువులెత్తని యువకుల చేత 10 వారాలు సాధన చేయించి మొదటి వారంలో, మూడో వారంలో, పదో వారంలో కండరాల లోపల ఏం జరుగుతోందో కొలిచారు. కొత్త ప్రొటీన్ తయారీ మొదటి వారంలోనే అన్నిటికన్నా ఎక్కువగా ఉంది. నష్టం కూడా అప్పుడే ఎక్కువ. కానీ ఆ తయారీకీ, పది వారాల తర్వాత కనబడిన కండకీ పొంతన కుదరలేదు. తయారైనదంతా మరమ్మతుకే ఖర్చయిపోయింది. మూడో వారం నాటికి నష్టం తగ్గాకే ఆ పని కండ పెంచడానికి మళ్ళింది. మొదటి వారంలో ఒంటిని ఎంత చితగ్గొడితే అంత మరమ్మతు మిగులుతుంది, అంతే.

ఇక ‘ఓవర్‌ట్రైనింగ్’ అన్న మాట సంగతి. జిమ్‌లలో ఈ మాటని కాస్త అలసటకి కూడా వాడేస్తారు. యూరప్, అమెరికా క్రీడావైద్య సంస్థలు 2013లో ఉమ్మడిగా ఒక ప్రకటన చేసి దీన్ని మెట్లు మెట్లుగా విడగొట్టాయి. కావాలని కొన్ని రోజులు ఎక్కువ చేసి, కొన్ని రోజుల విశ్రాంతితో ముందుకన్నా మెరుగుపడటం ఒక మెట్టు. వారాల తరబడి సామర్థ్యం పడిపోవడం రెండోది. నెలలు గడిచినా కోలుకోకపోవడం, దానికి నిద్ర, మనసు, హార్మోన్ల గందరగోళం తోడవడం అసలైన ఓవర్‌ట్రైనింగ్ సిండ్రోమ్. థైరాయిడ్, రక్తహీనత, ఇన్‌ఫెక్షన్ లాంటివేవీ కారణం కావని తేల్చుకున్న తర్వాతే వైద్యులు ఆ పేరు పెడతారు. పోటీల కోసం ఏళ్ళ తరబడి శ్రమించే క్రీడాకారుల్లో కనిపించేది ఇది. నెల రోజుల కిందట చేరిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి అంత దూరం వెళ్ళే శక్తే ఉండదు. అతనికి వచ్చే చిక్కులు వేరు. భుజం కీలు దగ్గర సన్నగా మొదలై వదలని నొప్పి, మోకాలి కింద స్నాయువు మంట, మూడో వారానికి జిమ్ బ్యాగు చూస్తేనే విసుగు. కండరం కొన్ని వారాల్లో బలపడుతుంది, దాన్ని ఎముకకి కట్టి ఉంచే స్నాయువుకి నెలలు పడతాయి. కండ సిద్ధమైపోయిందని బరువు పెంచేస్తే ఆ భారం ఇంకా సిద్ధం కాని చోట పడుతుంది.

కొత్తవాళ్ళు తెలుసుకోవలసిన గడియారం ఇంకొకటి ఉంది. 1997లో వెలువడిన ఒక అధ్యయనంలో, బరువులు అలవాటు లేని కొందరు స్త్రీ పురుషుల చేత ఒక్కసారి వ్యాయామం చేయించి, ఆ తర్వాత తొడ కండరంలో ప్రొటీన్ తయారీ ఎంత వేగంగా సాగుతోందో చూశారు. మామూలు కంటే 3 గంటలకు 112 శాతం, 24 గంటలకు 65 శాతం, 48 గంటలకు 34 శాతం ఎక్కువగా కనబడింది. అంటే సోమవారం సాయంత్రం చేసిన పని బుధవారం సాయంత్రానికి ఇంకా పూర్తిగా ఆరిపోలేదు, శుక్రవారానికి మాత్రం చాలా వరకు ముగిసిపోతుంది. ఒకే కండరానికి రోజు విడిచి రోజు పని చెప్పడం అన్న పాత పద్ధతికి ఇంతకన్నా మంచి ఆధారం అక్కర్లేదు.

మన జిమ్‌లలో నడిచే టైమ్‌టేబుల్ దీనికి ఎదురు తిరిగినట్టు ఉంటుంది. సోమవారం చెస్ట్, మంగళవారం వీపు, బుధవారం భుజాలు, గురువారం చేతులు, శుక్రవారం కాళ్ళు. శనివారం మిగిలినవేవో. (సోమవారం సాయంత్రం ఏ జిమ్‌కి వెళ్ళినా బెంచ్ ఖాళీ దొరకదు. శుక్రవారం స్క్వాట్ ర్యాక్ దగ్గర మాత్రం ఎవరూ ఉండరు.) ఇది పోటీలకు వెళ్ళే బాడీబిల్డర్ల పద్ధతి. ఛాతీకి 15 సెట్లు ఒకే పూట చేసి, మళ్ళీ వారానికి గానీ దాని మొహం చూడరు. ఏళ్ళ తరబడి చేసినవాళ్ళకి అది చెల్లవచ్చు. కొత్తవాడికి అది వారానికి సరిపడా మందుబిళ్ళలు సోమవారం పూటే మింగినట్టు. ఆ పూటంతా దెబ్బ, గురువారం దాకా నొప్పి, ఆ తర్వాత మూడు రోజులు ఆ కండరానికి పనే లేదు. అదే పనిని మూడు పూటలకి పంచితే ఏ పూటా ఒళ్ళు విరగదు. అసలు మొదటి నెలల్లో 15 సెట్లు అక్కర్లేదు కూడా. కండర పరిమాణం మీద జరిగిన పరిశోధనలని గుదిగుచ్చిన 2016 నాటి సమీక్ష కూడా, వారానికి ఒక్కసారి కంటే రెండుసార్లు ఒక్కో కండరానికి పని చెప్పడమే మేలని తేల్చింది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2009లో ఇచ్చిన సూచన మరీ సూటిగా ఉంది. కొత్తవాళ్ళకి వారానికి 2 నుంచి 3 రోజులు, ప్రతిసారీ ఒళ్ళంతటికీ వ్యాయామం.

కరణం మల్లీశ్వరిని ఇక్కడ తలుచుకోవాలి. శ్రీకాకుళం జిల్లాలోని ఊసవానిపేటలో పుట్టిన ఆమె 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమె. అప్పటికి ఆమెకు 25 ఏళ్ళు, బార్ పట్టి పదేళ్ళు దాటింది. అలాంటివాళ్ళ వీడియోలు చూసి వాళ్ళ వారపు ప్రణాళికని ఎత్తి తెచ్చుకునే కుర్రాళ్ళు, ఆ వెనకనున్న పదేళ్ళని మాత్రం తెచ్చుకోలేరు.

సరే, రోజూ వెళ్ళాలనుకునేవాళ్ళ మాటేమిటి? వాళ్ళని ఆపక్కర్లేదు. అలవాటు నిలవాలంటే రోజూ ఒకే వేళకి బయల్దేరడం మంచిదే. జిమ్‌కి వెళ్ళిన ప్రతిరోజూ బరువులెత్తాలన్న నియమం పెట్టుకోకపోతే చాలు.

మాదాపూర్‌లో కుర్చీలో కూర్చుని పనిచేసే ముప్పయ్యేళ్ళ ఉద్యోగిని ఊహించుకుందాం. 65 కిలోల బరువు, చిన్నప్పటి క్రికెట్ తప్ప వ్యాయామం ఎరగడు. సోమ, బుధ, శుక్రవారాలు అతనికి బరువుల రోజులు. మంగళ, శనివారాల్లో ట్రెడ్‌మిల్ మీద గానీ సైకిల్ మీద గానీ అరగంట, పక్కవాడితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా. చివర్లో పది నిమిషాలు భుజాలు, తుంటి కీళ్ళు వదులు చేసుకోవడం. గురు, ఆదివారాలు ఇంటిపట్టున. అయిదు రోజులు జిమ్ గడప తొక్కినట్టయింది, బరువు ముట్టింది మూడు రోజులే.

ఆ మూడు రోజులూ ఇంచుమించు ఒకే కదలికలు. ఛాతీకి ఆనించి డంబెల్ పట్టుకుని చేసే గోబ్లెట్ స్క్వాట్, బెంచ్ మీద చేతులాన్చి దండీలు లేదా చెస్ట్ ప్రెస్ మిషన్, లాట్ పుల్‌డౌన్, రెండు డంబెల్స్‌తో నడుము నిటారుగా ఉంచి ముందుకు వంగి లేచే రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, కూర్చుని లాగే రోయింగ్. చివర్లో అరనిమిషం ప్లాంక్. మొదటి వారం ఒక్కో దాంట్లో ఒక్క సెట్టు. అవును, ఒక్కటే. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, ‘ఇంతేనా’ అనిపిస్తుంది, ట్రైనర్ కూడా అదోలా చూస్తాడు. అయినా ఆ ఒక్క సెట్టు ఊరికే పోదు. కండరం ఒకసారి కొద్దిపాటి దెబ్బ తింటే తర్వాత కొన్ని వారాల పాటు అదే పనికి అంతగా నొచ్చుకోదు. రెండో వారం రెండేసి సెట్లు, నాలుగో వారం నుంచి కాళ్ళకీ వీపుకీ మూడేసి. అప్పటికి వారం మొత్తంలో ఒక్కో కదలికకి ఆరు నుంచి తొమ్మిది సెట్లు పడతాయి. మొదటి రెండు మూడు నెలలకి అది పుష్కలం.

ఒక సెట్టుని దగ్గర నుంచి చూద్దాం. పది కిలోల డంబెల్‌ని నిలువుగా, గడ్డం కింద రెండు అరచేతులతో పట్టుకున్నాడు. పాదాలు భుజాల వెడల్పున. వెనక ఉన్న బెంచ్‌ని పిరుదులు తాకీ తాకకుండా దిగి లేస్తున్నాడు. మొదటి ఏడు ఒకే తాళంలో నడిచాయి. ఎనిమిదోది లేచేటప్పుడు సగం దూరంలో కాస్త నెమ్మదించింది. తొమ్మిదో దానికి మోకాళ్ళు లోపలికి వాలాయి, పదోదానికి మడమలు లేచాయి, ఛాతీ ముందుకు పడింది. అతని సెట్టు ఎనిమిది దగ్గరే అయిపోయింది. వేగం తగ్గిన రెప్ (ఒక్కసారి దిగి లేవడం) దగ్గర ఆగితే ఇంకో రెండు మూడు చెయ్యగల శక్తి లోపల మిగిలి ఉంటుంది. మిగలాలి కూడా. ఇక ఒక్కటి కూడా లేవదన్నంత వరకు లాగడం వల్ల కొత్తవాడికి అదనంగా వచ్చే కండ స్వల్పం, మర్నాటి అలసట మాత్రం బాగా ఎక్కువ.

పది పదేసి మూడు సెట్లు అన్న లెక్క ఎక్కడిదో చాలామందికి తెలియదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో షికాగోలోని గార్డినర్ జనరల్ ఆసుపత్రిలో థామస్ డెలోర్మ్ అనే సైనిక వైద్యుడు మోకాళ్ళు దెబ్బతిన్న సైనికుల చేత బరువులెత్తించేవాడు. చిన్నతనంలో రుమాటిక్ జ్వరంతో మంచం పట్టి, బరువులెత్తుతూనే బలం పుంజుకున్న మనిషి ఆయన. మొదట్లో పదేసి రెప్స్ చొప్పున ఏడు నుంచి పది సెట్లు చేయించాడు. 1948కి వచ్చేసరికి ఆయనే, సహచరుడు వాట్కిన్స్‌తో కలిసి, అది మరీ ఎక్కువని తేల్చి మూడు సెట్లకి తగ్గించాడు. పదిసార్లు ఎత్తగలిగే బరువులో సగంతో ఒకటి, ముప్పావుతో ఒకటి, పూర్తి బరువుతో ఒకటి. అసలు భారం పడేది ఆ చివరి సెట్టులోనే. ఈ రంగానికి శాస్త్రీయమైన పునాది వేసిన మనిషి చేసిన పెద్ద సవరణ తగ్గింపే కావడం గమనించదగ్గది.

బరువు పెంచడంలో మన జిమ్‌లలో ఒక చిక్కుంది. అనుకున్న రెప్స్ కన్నా ఒకటి రెండు ఎక్కువ చెయ్యగలిగినప్పుడు 2 నుంచి 10 శాతం పెంచుకోమని నిపుణులు చెబుతారు. డంబెల్ ర్యాక్ చూస్తే 5 తర్వాత 7.5, ఆ తర్వాత 10, 12.5. ఏడున్నర నుంచి పదికి వెళ్ళడమంటే 33 శాతం పెంపు. భుజం నొప్పులు ఎక్కడ మొదలవుతాయో వేరే చెప్పాలా? అందుకని డంబెల్ మార్చే ముందు రెప్స్ పెంచుకోవాలి. ఏడున్నర కిలోలతో ఎనిమిది చేసేవాళ్ళు వారాల మీద పన్నెండుకీ, పదిహేనుకీ చేరాక పది కిలోలు అందుకుని మళ్ళీ ఎనిమిది దగ్గర మొదలుపెట్టాలి. రాడ్ మీదైతే అటొకటి ఇటొకటి 1.25 కిలోల ప్లేట్లు వేసుకోవచ్చు. చాలా జిమ్‌లలో అవి ఏ మూలో పడి ఉంటాయి, అడిగి తీసుకోవాలి. మొదటి నెలలో బరువు చకచకా పెరగడం చూసి మురిసిపోయి తొందరపడేవాళ్ళు కూడా ఉంటారు. తొలి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం నరాలు కండని సరిగ్గా వాడుకోవడం నేర్చుకోవడం వల్ల వచ్చేదని 1979 నాటి ప్రయోగాల్లోనే తేలింది. స్నాయువు ఆ వేగాన్ని అందుకోలేదు.

ఎక్కువైపోతోందని ఎలా తెలుస్తుంది? ఖరీదైన వాచీ కంటే పది రూపాయల నోట్‌బుక్ నమ్మకమైనది. ఏ రోజు ఏ బరువు, ఎన్ని రెప్స్, ఎంత కష్టమనిపించింది అని రాసుకుంటే, పోయిన వారం ఎనిమిది లేచిన బరువు ఈ వారం వరుసగా రెండు మూడు పూటలు ఆరుకే పడిపోతే కాగితం మీద కనబడుతుంది. దానికి తోడు పొద్దున లేవగానే నాడి మామూలు కంటే వేగంగా ఉండటం, అలిసిపోయి పడుకున్నా నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు. ఇలాంటివి రెండు కలిస్తే ఆ వారం అవే కదలికలు, అవే బరువులు ఉంచి సెట్లు సగానికి కొయ్యాలి. పూర్తిగా మానెయ్యక్కర్లేదు. ఒళ్ళంతా సలుపుగా ఉంటే ఫరవాలేదు, కదిలితే సర్దుకుంటుంది. ఒక కీలు దగ్గరే, వేలు పెట్టి చూపించగలిగేలా పొడుస్తుంటే ఆ కదలిక ఆపాలి. మూత్రం రంగు మారితే, కండ వాచి బిగుసుకుపోతే అదే రోజు ఆసుపత్రికి పరుగెత్తాలి. మందుల షాపులో నొప్పి మాత్ర కొనుక్కుని మింగి మర్నాడు మళ్ళీ జిమ్‌కి వెళ్ళడం అన్నిటికన్నా ప్రమాదకరం. ఒంట్లో నీరు తగ్గిన సమయంలో ఆ మాత్రలు మూత్రపిండాలని ఇంకా ఇబ్బంది పెడతాయి. మే నెలలో ఏసీ లేని జిమ్‌లో చెమటలు కక్కేవాళ్ళకీ, డెంగీ జ్వరం నుంచి లేచినవాళ్ళకీ ఈ మాట రెండింతలు వర్తిస్తుంది.

తిండి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. బరువులెత్తేవాళ్ళకి సగటున 1.6 గ్రాముల దాకా ప్రయోజనం కనబడిందని, ఆ పైన అంతగా లేదని 49 అధ్యయనాలని కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణ చెబుతోంది. మన 65 కిలోల ఉద్యోగికి ఇది 54కీ 104కీ మధ్య. గుడ్డుకి ఆరు గ్రాములు, పావులీటరు పాలకి ఎనిమిది. ముద్దపప్పు, పెరుగు, శనగలు, చికెన్, చేపలతో 80 గ్రాముల దగ్గరికి చేరడం కష్టమేమీ కాదు. 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో ఆ సంస్థ ప్రొటీన్ పొడులు వద్దనే చెప్పింది. జిమ్ కౌంటర్ మీద డబ్బాలు పేర్చి అమ్మేవాళ్ళకి అది నచ్చకపోవచ్చు.

నిద్ర సంగతి మరీ మొండిది. రాత్రి పన్నెండున్నరకి అమెరికా కాల్ ముగించి, అయిదున్నరకి అలారం పెట్టుకుని జిమ్‌కి పరుగెత్తేవాళ్ళు పట్టుదల గలవాళ్ళని పేరు తెచ్చుకుంటారు. అయిదు గంటలే పడుకున్న రోజున ఆ బరువుల పూటని సాయంత్రానికి జరుపుకోవాలి, కుదరకపోతే నడకతో సరిపెట్టుకోవాలి. సోమ, బుధ, శుక్ర అన్నది శాసనమేమీ కాదు. మధ్యలో ఒక రోజు ఎడం ఉంటే మంగళ, గురు, శని అయినా ఒకటే.

మూడో నెల దాటి, నోట్‌బుక్‌లో అంకెలు వారం వారం కదలడం మానేశాక నాలుగు బరువుల రోజులకి మారవచ్చు. సోమ, గురువారాలు నడుముకి పైభాగం, మంగళ, శుక్రవారాలు కాళ్ళు, నడుము. బుధవారం నడక. ఒక కండరానికి మళ్ళీ రెండు మూడు రోజుల ఎడం దొరుకుతుంది కాబట్టి వరసగా రెండు రోజులు జిమ్‌లో ఉన్నా ఇబ్బంది లేదు. మారిన మొదటి రెండు వారాలు మాత్రం వారం మొత్తం మీద సెట్ల సంఖ్య పాతదే ఉంచి, పూటలు మాత్రమే పెంచాలి. మూడో వారంలో కొత్తగా ఒక్క సెట్టు కలిపితే, అదీ ఒక్క కదలికలో కలిపితే, ఏది ఎక్కువైందో వెంటనే పట్టుకోవచ్చు.